కోషర్ వంటింటి లెక్క: 3 వర్గాలు, 6 గంటలు, 60వ వంతు

మత నియమాలు పాటించే యూదుల ఇంట్లో వంట చేసేవారికి కొన్ని అంకెలు కంఠతా వచ్చి ఉంటాయి. మాంసం తిన్నాక పాలు ముట్టాలంటే 6 గంటలు ఆగాలి. పొరపాటున ఒలికిన చుక్క వల్ల వంట చెడిందా లేదా తేల్చడానికి 60వ వంతు లెక్క కట్టాలి. 1.67 కిలోల పిండి తడిపితే అందులోంచి యాజకుడి వాటా తీయాలి. పస్కా రొట్టె 18 నిమిషాల్లో పొయ్యి ఎక్కాలి. ఈ అంకెలు తెలిస్తే కోషర్ వంట, అంటే ఆ నియమాలకు తగిన వంట, చాలావరకు అర్థమైనట్టే.

కోషర్ అనగానే ఎక్కువమందికి మాంసమే గుర్తొస్తుంది. పంది మాంసం తినరనీ, పశువును ప్రత్యేక పద్ధతిలో కోస్తారనీ వినే ఉంటారు. అదంతా నిజమే. అయితే ఇప్పుడు ఆ పని కసాయి దుకాణం దగ్గరే పూర్తయిపోతుంది. మాంసం శుద్ధి అయ్యే ఇంటికి వస్తుంది. ఇంట్లో వండేవారు రోజూ బుర్ర పెట్టేది పక్కన వడ్డించే కూరలు, సలాడ్లు, రొట్టెలు, కేకుల మీదే. కోషర్ వంటింటి నేర్పు నిజంగా కనిపించేదీ అక్కడే. ఎందుకో అంకెల వెంట వెళ్లి చూద్దాం.

3 వర్గాలు: మధ్యలో నిలిచేది పరేవ్

కోషర్ వంటిల్లు ఆహారాన్నంతా 3 వర్గాలుగా విడదీస్తుంది. మొదటిది మాంసం. ఇందులో కోడి కూడా ఉంటుంది. రెండోది పాలు, పాల నుంచి వచ్చేవన్నీ. మూడోది ఈ రెండూ కానిది. దాన్ని పరేవ్ అంటారు. కూరగాయలు, పళ్లు, ధాన్యాలు, పప్పులు, నూనెలు, గుడ్లు, చేపలు ఇందులోకి వస్తాయి.

మేకపిల్లను దాని తల్లి పాలలో ఉడికించరాదన్న ఆజ్ఞ తోరాలో 3 చోట్ల కనిపిస్తుంది. తెలుగు బైబిలు చదివేవారికి తెలిసిన పేర్లతో చెప్పాలంటే నిర్గమకాండంలో రెండుసార్లు, ద్వితీయోపదేశకాండంలో ఒకసారి. ఈ మూడు ప్రస్తావనల నుంచి రబ్బీలు, అంటే యూదు మత పండితులు, 3 నిషేధాలు తీశారు: మాంసాన్ని పాలతో వండకూడదు, అలా వండింది తినకూడదు, దానివల్ల ఏ లాభమూ పొందకూడదు. రెండింటికీ వేర్వేరు గిన్నెలు, పళ్లాలు, గరిటెలు వాడటం ఇక్కడి నుంచే వచ్చింది.

మాంసం భోజనంలో వెన్న వేసిన ఆలుగడ్డ ముద్దకు చోటు లేదు. పాల భోజనంలో కోడి కొవ్వుతో వేయించిన ఉల్లిపాయకు చోటు లేదు. అదే ఆలుగడ్డను నూనెతో చేస్తే రెండు భోజనాల్లోనూ వడ్డించవచ్చు. ఒక్క సైడ్ డిష్‌తో రెండు రోజులు గడపాలన్నా, మిగిలింది మర్నాడు ఇంకో పూటకు వాడుకోవాలన్నా అది పరేవ్ అయి ఉండాలి. కోషర్ ఇళ్లలో సైడ్ డిష్‌లను వీలైనంతవరకు పరేవ్‌గానే వండడం వెనక కారణం ఇదే.

రొట్టె విషయంలో ఇది వీలు చూసుకోవడంతో ఆగదు. పాలతో రొట్టె పిండి కలపకూడదని యూదుల ప్రాచీన ధర్మ గ్రంథం తల్మూద్ నియమం పెట్టింది. రొట్టె ప్రతి భోజనంలోనూ ఉండేది. పాల రొట్టెను మరిచిపోయి మాంసంతో తినేస్తారన్న భయంతో పెట్టిన కట్టుబాటు ఇది. చూడగానే తేడా తెలిసేలా రొట్టె ఆకారం మారిస్తేనో, ఒక పూటలో అయిపోయేంత కొద్దిగా చేస్తేనో సడలింపు ఉంది. అందువల్లే యూదుల పండుగ రొట్టె హల్లాలో గుడ్లు, నూనె, చక్కెర ఉంటాయి, పాలూ వెన్నా ఉండవు.

6 గంటలు: గడియారం నిర్ణయించే మెనూ

మాంసం తిన్న తర్వాత పాల పదార్థం తినడానికి ఎక్కువ సముదాయాలు 6 గంటలు ఆగుతాయి. జర్మనీ మూలాలున్న యూదులలో 3 గంటల ఆచారం ఉంది. డచ్ యూదులలో 1 గంట. పాల నుంచి మాంసానికి మారాలంటే ఇంత వ్యవధి అక్కర్లేదు. నోరు కడుక్కుని, మధ్యలో ఏదైనా పరేవ్ పదార్థం తిని, కొద్దిసేపు ఆగితే చాలు. ఆరు నెలలు, ఆపైన మాగబెట్టిన గట్టి చీజ్ తిన్నవారు మాత్రం మాంసానికి కూడా 6 గంటలు ఆగడం తూర్పు యూరప్ యూదుల ఆచారం.

దీని ప్రభావం స్వీటు మీద పడుతుంది. మధ్యాహ్నం ఒకటిన్నరకు కోడికూరతో భోజనం ముగిస్తే రాత్రి ఏడున్నర దాకా పాలు వేసిన టీ లేదు, ఐస్‌క్రీమ్ లేదు, వెన్న వేసిన కేక్ లేదు. విందు ముగింపులో తీపి కావాలంటే అది పాలు లేనిదే కావాలి. పాలు, వెన్న లేకుండా మంచి కేక్ చేయడం కోషర్ బేకింగ్‌లో ఒక ప్రత్యేక విద్యగా ఎదగడానికి ఈ 6 గంటలే కారణం.

100కి 80: వెన్న బదులు నూనె

వెన్నలో కొవ్వు సుమారు 80 శాతం. మిగతాది ఎక్కువగా నీరే. కాబట్టి 100 గ్రాముల వెన్న చెప్పిన వంటకంలో 80 గ్రాముల నూనె, దానితో 15 మిల్లీలీటర్ల నీరో పళ్లరసమో వేస్తే లెక్క సరిపోతుంది. 100కి 100 నూనె పోస్తే కేక్ జిడ్డుగా వస్తుంది.

ఒక ఇబ్బంది మిగులుతుంది. వెన్నను చక్కెరతో గిలక్కొడితే గాలి బుడగలు నిలుస్తాయి, కేక్ పొంగడానికి అవే సాయపడతాయి. నూనె ఆ గాలిని పట్టి ఉంచలేదు. అందుకే నూనె కేకుల్లో గుడ్లను చక్కెరతో తెల్లగా నురగ వచ్చేదాకా గిలక్కొడతారు. బేకింగ్ పౌడరో, సోడానో జోడిస్తారు. దీనికి ప్రతిఫలం కూడా ఉంది. నూనె గది వేడిలో గడ్డకట్టదు కాబట్టి ఈ కేక్ రోజులు గడిచినా మెత్తగా ఉంటుంది. యూదుల కొత్త సంవత్సరానికి చేసే తేనె కేక్‌ను పండుగకు ముందే కాల్చి పెట్టుకోగలగడం దీనివల్లే.

పాల స్థానంలో కొబ్బరిపాలు, సోయా పాలు, కాఫీ డికాక్షన్, నారింజ రసం వాడతారు. బాదం పాలను మాంసంతో వడ్డించేటప్పుడు పక్కన కొన్ని బాదం గింజలు పెట్టే పాత ఆచారం ఉంది. చూసినవారు అవి ఆవు పాలని పొరబడకూడదని. 16వ శతాబ్దంలో పోలండ్ రబ్బీ మోషే ఇస్సెర్లెస్ రాసిన ధర్మశాస్త్ర వ్యాఖ్యలో ఈ సూచన కనిపిస్తుంది.

ఈ అవసరాన్ని వ్యాపారులు కూడా త్వరగానే గుర్తించారు. అప్పటిదాకా తూర్పు యూరప్ యూదులు వంటకు కోడి, బాతు కొవ్వులు వాడేవారు. వాటితో చేసింది ఏదైనా మాంసం వర్గంలోకి పోతుంది. 1911లో అమెరికాలో ప్రాక్టర్ అండ్ గ్యాంబుల్ కంపెనీ పత్తిగింజల నూనెతో క్రిస్కో అనే గట్టి కొవ్వును తెచ్చింది. వెన్నలా గట్టిగా ఉంటుంది, అయినా పరేవ్. 1933లో ఆ కంపెనీ యూదు గృహిణుల కోసం యిడ్డిష్, ఇంగ్లిష్ భాషలు రెండింటిలోనూ ఒక వంటల పుస్తకమే వేసింది.

60వ వంతు: పొరపాటుకు కొలత

మాంసం పులుసు కాగుతుండగా అందులో ఒక చెంచా పాలు ఒలికాయి. పారబోయాలా? దీనికి జవాబు ఒక భాగహారం. ఒలికిన దానికి కనీసం 60 రెట్లు గిన్నెలో ఉంటే ఆ రుచి తెలియదని, పదార్థం తినదగినదేనని నియమం. పెద్ద చెంచా 15 మిల్లీలీటర్లు అనుకుంటే 15 × 60 = 900. గిన్నెలో 900 మిల్లీలీటర్లు, అంతకు మించి ఉంటే ఫరవాలేదు. తక్కువ ఉంటే ఆ వంట పనికిరాదు. కావాలని కొద్దిగా కలిపి ఈ లెక్క చెప్పడం కుదరదు. ఇది పొరపాటుకు మాత్రమే. నిజంగా ఇలా జరిగినప్పుడు చాలామంది తమ రబ్బీకి ఫోన్ చేసి అడుగుతారు.

పాత్రలకు ఇంకో అంకె ఉంది: 24 గంటలు. వేడి పదార్థం రుచిని గిన్నె పీల్చుకుంటుందని, 24 గంటలు వాడకుండా ఉంచితే ఆ రుచి పాడవుతుందని భావన. లోహపు గిన్నెను శుద్ధి చేయాలన్నా ముందు 24 గంటలు పక్కన పెట్టి, తర్వాత మరిగే నీటిలో ముంచుతారు. మట్టి పాత్రకు ఈ శుద్ధి పనిచేయదు.

ఉల్లి, వెల్లుల్లి, ముల్లంగి లాంటి ఘాటైనవాటికి ఈ 24 గంటల సడలింపు లేదు. వాటి ఘాటు కత్తిలో ఇంకిన పాత రుచిని మళ్లీ బయటికి లాగుతుందని శాస్త్రం. మాంసం కత్తితో తరిగిన ఉల్లిపాయను వెన్నలో వేయించకూడదు. కూర ఎంత శాకాహారమైనా ఒక్క ఉల్లిపాయతో అది మాంసం వైపు వెళ్లిపోవచ్చు. అందుకే సైడ్ డిష్‌ల కోసం మూడో కత్తి, మూడో పీట విడిగా పెట్టుకుంటారు. చాలా ఇళ్లలో మాంసానికి ఎరుపు, పాలకు నీలం, పరేవ్‌కు ఆకుపచ్చ రంగు గుర్తులు కనిపిస్తాయి.

60 లెక్కకు లొంగనిది ఇంకొకటి ఉంది: పురుగు. కంటికి కనిపించే పురుగు మొత్తంగా ఉంటే 1000లో ఒకటైనా అది లెక్కలోంచి పోదు. అందుకని ఆకుకూరలు, క్యాబేజీ, బ్రోకలీ, క్యాలీఫ్లవర్ వండే ముందు సబ్బునీటిలోనో వెనిగర్ నీటిలోనో నానబెట్టి, కడిగి, వెలుతురుకు పట్టి చూస్తారు. పిండి జల్లిస్తారు. బియ్యం, పప్పు ఏరుతారు. గుడ్లను ఒక్కొక్కటిగా గాజు గ్లాసులో కొట్టి, నెత్తురు చుక్క లేదని చూశాకే పిండిలో పోస్తారు. ఆలుగడ్డ, క్యారట్, గుమ్మడి, వంకాయలకు ఆకుకూరలంత తనిఖీ అక్కర్లేదు. రోజువారీ సైడ్ డిష్‌లలో అవి ఎక్కువగా కనిపించడానికి అదీ ఒక కారణం.

1.67 కిలోలు: పిండిలో యాజకుడి వాటా

సంఖ్యాకాండం 15వ అధ్యాయంలో రొట్టె పిండిలోంచి ఒక ముద్ద తీసి అర్పించాలన్న ఆజ్ఞ ఉంది. జెరూసలేంలో ఆలయం ఉన్న కాలంలో అది యాజకులకు చేరేది. వారికి సొంత పొలాలు ఉండేవి కావు. ఇంట్లో కాల్చుకునేవారు 24వ వంతు, అమ్మకానికి కాల్చేవారు 48వ వంతు ఇవ్వాలని యూదుల ప్రాచీన ధర్మ సంకలనం మిష్నా చెబుతుంది. ఆలయం లేని ఈ కాలంలో ఆలివ్ కాయంత ముద్ద, అంటే సుమారు 30 గ్రాములు తీసి కాల్చేస్తారు. ఎవరూ తినరు.

ఎంత పిండి తడిపితే ఈ బాధ్యత వస్తుంది? పాత కొలత 43 గుడ్లు, ఇంకో గుడ్డులో 5వ వంతు పట్టేంత ఘనపరిమాణం. 20వ శతాబ్దంలో జెరూసలేంలో రబ్బీ హాయిమ్ నాయె ఒక గుడ్డుకు 57.6 ఘన సెంటీమీటర్లు లెక్కించారు. 43.2తో గుణిస్తే సుమారు 2,488 వస్తుంది. దాన్ని గోధుమపిండి బరువులోకి మారిస్తే సుమారు 1.67 కిలోలు. అంత పిండి తడిపితే ఆశీర్వచనం పలికి ముద్ద తీస్తారు. 1.2 కిలోల నుంచి 1.67 కిలోల మధ్య అయితే ఆశీర్వచనం లేకుండా తీస్తారు. అంతకన్నా తక్కువైతే తీయనక్కర్లేదు. గుడ్డును పెద్దదిగా లెక్కించే మరో సంప్రదాయం ఆశీర్వచనానికి 2.25 కిలోలు అడుగుతుంది. గోధుమ, బార్లీ, స్పెల్ట్, రై, ఓట్స్ అనే 5 ధాన్యాల పిండికే ఈ నియమం. బియ్యప్పిండి రొట్టెకు వర్తించదు.

ఒక ఇంటికి 1.67 కిలోలు ఎక్కువ అనిపించవచ్చు. లెక్క వేసి చూద్దాం. వారాంతపు విశ్రాంతి దినమైన షబ్బత్‌కు 3 భోజనాలు. ఎడారిలో విశ్రాంతి దినానికి ముందు దేవుడు పంపిన ఆహారం మన్నా రెట్టింపు దొరికిందన్న బైబిలు కథకు గుర్తుగా ప్రతి భోజనానికి 2 నిండు రొట్టెలు పెడతారు. 3 × 2 = 6 రొట్టెలు. ఇక పిండి: మైదా 1.7 కిలోలు, నీళ్లు 700 మిల్లీలీటర్లు, గుడ్లు 6, నూనె 170 గ్రాములు, చక్కెర 170 గ్రాములు, ఉప్పు 30 గ్రాములు, ఇన్‌స్టంట్ ఈస్ట్ 17 గ్రాములు. కలిపితే సుమారు 3.1 కిలోల ముద్ద. అందులో 30 గ్రాములు తీసేస్తే మిగిలింది సుమారు అరకిలో చొప్పున 6 రొట్టెలకు వస్తుంది. ఒక కుటుంబం ఒక వారానికి కాల్చుకునే రొట్టె, ఆశీర్వచనానికి కావలసిన పిండి ఇలా ఒక్కచోట కలుస్తాయి.

ముద్ద గంటన్నర పొంగాక రొట్టెకు 6 పేటలు చేసి జడలా అల్లుతారు. రెండు రొట్టెలకు 12 పేటలు. ఆలయంలో వారం వారం పెట్టిన 12 సన్నిధి రొట్టెలకు అవి గుర్తని చెబుతారు. మళ్లీ 45 నిమిషాలు పొంగనిచ్చి, గుడ్డు సొన పూసి, నువ్వులు చల్లి, 180 డిగ్రీల సెల్సియస్ వద్ద 30 నుంచి 35 నిమిషాలు కాలుస్తారు. స్పెయిన్, అరబ్బు దేశాల మూలాలున్న సెఫార్దీ యూదులు తీపి బాగా తగ్గిస్తారు. తీపి తెలిస్తే అది వారి లెక్కలో రొట్టె కాదు, కేక్.

25 గంటలు: వండకుండా వేడిగా తినడం

శుక్రవారం సూర్యాస్తమయానికి 18 నిమిషాల ముందు ఇంట్లో దీపాలు వెలుగుతాయి. జెరూసలేంలో 40 నిమిషాల ముందు. అప్పటి నుంచి శనివారం రాత్రి నక్షత్రాలు పొడిచేదాకా, అంటే సుమారు 25 గంటలు, 39 రకాల పనులు నిషిద్ధం. నిప్పు వెలిగించడం, వండడం అందులో ఉన్నాయి. భోజనం వేడిగా ఉండాలంటే ముందే వండి, స్థిరమైన వేడినిచ్చే పలక మీద పెట్టాలి.

సుమారు 45 డిగ్రీలు దాటిన వేడిని చేయి ముట్టలేని వేడిగా లెక్కిస్తారు. ఆ వేడిలో జరిగేదంతా వంటే. పూర్తిగా ఉడికిన పొడి పదార్థాన్ని మళ్లీ వేడి చేసినా అది కొత్తగా వండినట్టు కాదు. చల్లారిన పులుసు మళ్లీ వేడెక్కితే వండినట్టే. అందుకే శనివారం మధ్యాహ్నం పక్కన వడ్డించడానికి పులుసులకన్నా గట్టిగా, ముక్కలుగా కోసుకునేలా ఉండే వంటకాలు బాగా కుదురుతాయి. వాటిలో మొదటి పేరు కుగెల్.

ఆలుగడ్డ కుగెల్‌కు 23 × 33 సెంటీమీటర్ల ట్రేలో పట్టే కొలత: ఆలుగడ్డలు ఒకటిన్నర కిలోలు, పెద్ద ఉల్లిపాయలు 2, గుడ్లు 5, నూనె 120 మిల్లీలీటర్లు, ఉప్పు 2 టీస్పూన్లు, మిరియాల పొడి అర టీస్పూను. ట్రేలో నూనె పోసి ఓవెన్‌లో బాగా కాగనివ్వాలి. ఈలోగా ఉల్లిపాయను, ఆలుగడ్డను తురిమి, నీరు పిండి, గుడ్లు కలపాలి. ఆలస్యం చేస్తే తురుము నల్లబడుతుంది. కాగిన నూనె సగం మిశ్రమంలో కలిపి, దాన్ని ట్రేలో పోసి, 200 డిగ్రీల వద్ద గంట నుంచి గంటంబావు కాల్చాలి. పైన అంచులు కరకరలాడాలి, లోపల మెత్తగా ఉండాలి. 12 ముక్కలు వస్తాయి. పాలు లేవు, మాంసం లేదు, పిండి కూడా లేదు. అందుకే ఇది ఏడాది పొడుగునా, పస్కాలో కూడా పనికొస్తుంది.

యెమెన్ యూదులు ఇదే చిక్కును రాత్రంతా సాగే వేడితో విప్పారు. పలచగా సాగదీసిన పిండికి కొవ్వు పూసి, చుట్టి, మూత బిగించిన గిన్నెలో సుమారు 100 డిగ్రీల వద్ద 10 నుంచి 12 గంటలు ఉంచితే జఖ్నూన్ అవుతుంది. శుక్రవారం సాయంత్రం పొయ్యి మీదికి వెళ్లింది శనివారం ఉదయం గోధుమరంగు తిరిగి, తియ్యటి వాసనతో బయటికి వస్తుంది.

18 నిమిషాలు: పస్కా పరీక్ష

ఇజ్రాయెల్‌లో 7 రోజులు, బయట 8 రోజులు జరిగే పస్కా పండుగలో పులిసిన ధాన్యం ఇంట్లో ఉండకూడదు. పైన చెప్పిన 5 ధాన్యాల పిండి నీటితో కలిసి 18 నిమిషాలు కదలకుండా ఉంటే పులిసినట్టు లెక్క. అందుకే పులియని రొట్టె మట్జాను నీరు తగిలిన క్షణం నుంచి 18 నిమిషాల లోపే కలిపి, ఒత్తి, కాల్చేస్తారు.

జర్మనీ, తూర్పు యూరప్ మూలాలున్న అష్కెనాజీ యూదులు ఆ రోజుల్లో బియ్యం, మొక్కజొన్న, పప్పుధాన్యాలు, ఆవాలు కూడా తినరు. 13వ శతాబ్దంలో ఫ్రాన్స్‌లో ఈ ఆచారం నమోదైంది. సెఫార్దీలు బియ్యం తింటారు. వారిలో చాలామంది పండుగకు ముందు బియ్యాన్ని 3 సార్లు ఏరి గోధుమ గింజ లేదని చూసుకుంటారు. 2015లో అమెరికాలోని యూదుల కన్జర్వేటివ్ ఉద్యమ ధర్మ సంఘం తమ అనుయాయులు వీటిని తినవచ్చని తీర్పు ఇచ్చింది.

ఇన్ని వదిలేశాక బేకింగ్‌కు మిగిలేది ఆలుగడ్డ పిండి, మట్జా పొడి, బాదం పొడి, గుడ్లు, కొబ్బరి. మామూలు బేకింగ్ పౌడర్‌లో మొక్కజొన్న పిండి ఉంటుంది కనుక దానికీ పస్కా రకం వేరు. కొబ్బరి మకరూన్ ఈ లోటులోంచే ప్రాచుర్యం పొందింది: ఎండు కొబ్బరి తురుము 200 గ్రాములు, చక్కెర 120 గ్రాములు, 3 గుడ్ల తెల్లసొన, చిటికెడు ఉప్పు. కలిపి 20 ఉండలు చేసి 165 డిగ్రీల వద్ద 20 నిమిషాలు కాలిస్తే చాలు. మాంసం భోజనం తర్వాతా తినవచ్చు, పాలతోనూ తినవచ్చు.

1923: డబ్బా మీది గుర్తు

వండేవారి చేతిలో లేనిది ఫ్యాక్టరీలో జరిగేది. దానికోసం పుట్టిందే ధ్రువీకరణ గుర్తు. 1898లో ఏర్పడిన అమెరికా సంస్థ ఆర్థడాక్స్ యూనియన్ 1923లో హైంజ్ శాకాహార బీన్స్ డబ్బాతో ఈ పని మొదలుపెట్టింది. వలయంలో యూ అక్షరం దాని గుర్తు. పక్కన డి ఉంటే పాలు ఉన్నట్టు, లేదా పాల పరికరాలపై తయారైనట్టు. పీ అక్షరం ఉంటే పస్కాకు పనికొస్తుందని అర్థం. చాలామంది దాన్ని పరేవ్ అని పొరబడతారు.

అమెరికాలో ఉండే తెలుగు శాకాహారులు ఈ గుర్తును చూసి సరుకు కొనడం మామూలే. వారు రెండు విషయాలు గుర్తుపెట్టుకోవాలి. పరేవ్‌లో గుడ్లు, చేపలు ఉండవచ్చు. కోషర్ జెలటిన్ చేపల నుంచో, నియమం ప్రకారం కోసిన పశువుల నుంచో రావచ్చు. కాబట్టి పరేవ్ గుర్తు శాకాహార హామీ కాదు, పాల అలర్జీ ఉన్నవారికి వైద్య హామీ కూడా కాదు. అలాగే మన ప్యాకెట్ల మీది ఆకుపచ్చ చుక్క కోషర్ హామీ కాదు. ఆ చుక్క నెయ్యిని, పాలపొడిని అనుమతిస్తుంది. పరేవ్ అనుమతించదు. 471 నంబరు ఎమల్సిఫయర్ మొక్కల నుంచీ రావచ్చు, జంతువుల కొవ్వు నుంచీ రావచ్చు. 120 నంబరు ఎరుపు రంగు పురుగుల నుంచి తీస్తారు కనుక కోషర్ కాదు.

మన దేశంలో: కొబ్బరిపాలు, ఆలూ మకల్లా, పులిహోర

భారతదేశపు యూదులు ఈ లెక్కను ఇక్కడి పంటలతోనే సరిచేసుకున్నారు. మహారాష్ట్ర తీరంలోని బెనె ఇజ్రాయెల్ యూదులు, కొచ్చి యూదులు మాంసం కూరల్లో పెరుగు, మీగడ బదులు కొబ్బరిపాలు పోశారు. బెనె ఇజ్రాయెల్ వారు శుభకార్యాల్లో చేసే మలీదా అటుకులు, కొబ్బరి, చక్కెర, యాలకులు, పళ్లతో తయారవుతుంది. కోల్‌కతా బాగ్దాదీ యూదుల ఆలూ మకల్లాలో నిండు ఆలుగడ్డలను పసుపు, ఉప్పు వేసిన నీటిలో సగం ఉడికించి, నూనెలో నిదానంగా గంటసేపు వేయిస్తారు. పైన గట్టి పెంకు కట్టి లోపల వెన్నలా ఉండే ఈ వంటకంలో వెన్న చుక్క లేదు. 1902లో మొదలైన నహూమ్స్ బేకరీ ఇప్పటికీ కోల్‌కతా న్యూ మార్కెట్‌లో ఆ సముదాయపు రుచులు అమ్ముతోంది.

తెలుగునేల మీద గుంటూరు జిల్లా చేబ్రోలు దగ్గరి కొత్తరెడ్డిపాలెంలో బెనె ఎఫ్రాయిమ్ సముదాయం ఉంది. తాము ప్రాచీన ఇజ్రాయెల్ గోత్రాల్లో ఒకటైన ఎఫ్రాయిమ్ గోత్రపు వారసులమని చెప్పుకునే తెలుగు కుటుంబాలివి. వారి ప్రార్థనా మందిరం 1990ల మొదటి నుంచి ఉంది. 

మన వంటకాల్లో ఎన్ని ఈ లెక్కకు నిలుస్తాయి? దద్దోజనం, నేతితో చేసిన చక్రపొంగలి పాల వర్గం. నూనెతో చేసిన గుత్తి వంకాయ, దొండకాయ వేపుడు, నెయ్యి వేయని ముద్దపప్పు పరేవ్. పులిహోర కూడా పరేవే. అయినా పరీక్షలు మిగులుతాయి. బియ్యం, చింతపండు, కరివేపాకు పురుగు లేకుండా చూడాలి. ఇంగువ పొడిలో సాధారణంగా మైదా కలుస్తుంది కాబట్టి అది పస్కాకు ఎవరికీ పనికిరాదు. బియ్యం, ఆవాలు, శనగపప్పు, వేరుశనగలు ఉన్నందువల్ల పులిహోరను పస్కాలో అష్కెనాజీలు తినరు. నియమాలు గట్టిగా పాటించేవారికి అన్నం లాంటి ముఖ్యాహారం వండే పొయ్యి వెలిగించడంలోనైనా ఒక యూదుడి చేయి ఉండాలి. అన్నిటికన్నా పెద్ద ప్రశ్న గిన్నె. నిన్న మామూలు చికెన్ వండిన గిన్నెలో ఈరోజు వండిన పులిహోర, ఒక్క మాంసం తునక తగలకపోయినా కోషర్ కాదు.

కాబట్టి యూదు స్నేహితులనో సహోద్యోగులనో భోజనానికి పిలిచేవారు వండడానికి ముందే వారు ఏది, ఎంతవరకు పాటిస్తారో అడగండి. ఇంటింటికీ తేడా ఉంటుంది, అడిగితే ఎవరూ నొచ్చుకోరు. గట్టిగా పాటించేవారైతే కోయని పళ్లు, ధ్రువీకరణ గుర్తున్న సీలు విప్పని ప్యాకెట్లు, కాగితపు పళ్లేలు పెట్టండి. వారి ఇంటికి ఏదైనా తీసుకెళ్లాలంటే పరేవ్ గుర్తున్నది కొనండి. వారు ఏ పూట మాంసం తిన్నా, పాలు తాగినా అది వారి బల్ల మీదికి చేరుతుంది.